తరుగు లేని పని



ప్రతిదినం ఉషఃకాలంలో స్వామికి రుద్రాభిషేకం జరిపే వేళ నమకంలోని నాల్గవ అనువాకం నా నోట వెలువడుతుంది. అందులో ఋషి రుద్రుణ్ణి కైలాసంలో వెదకడు. వడ్రంగులలో, రథకారులలో, కుమ్మరులలో, కమ్మరులలో దర్శించి నమస్కరిస్తాడు. బాల్యంలో గురుముఖతః గ్రహించిన నాటి నుండి ఈ అనువాకాన్ని ఎన్ని వేల పర్యాయాలు పఠించానో నాకే లెక్క తెలియదు. అయితే ఆ నమస్కారం ఎవరికి చేరుతున్నదో ఒక్కనాడైనా తలయెత్తి చూచానా అని ప్రశ్నించుకుంటే, లేదనే చెప్పాలి. మా వీధిలోనే నాలుగిళ్ళ అవతల ఒక స్వర్ణకారుడు ముప్ఫై సంవత్సరాలుగా కుంపటి ముందు కూర్చుని ఉన్నాడు. ఆయన వైపు నా దృష్టిని మరల్చినది ఏ భాష్యగ్రంథమూ కాదు. నా కుమారుడు ఆడుతున్న ఒక ఆట. అర్చకుడు ఆటలను గురించి వ్రాయడమేమిటని సహృదయులైన పాఠకులకు సందేహం కలుగవచ్చు. కొంత ఓర్పుతో చదువవలసిందిగా ప్రార్థన.

మా పూర్వులది జమ్మలమడుగు ప్రాంతం. నేను అర్చకత్వం నిర్వహిస్తున్నది ప్రొద్దుటూరులో పెన్నానదికి సమీపాన గల ఒక చిన్న శివాలయంలో. బంగారు వర్తకానికి ప్రసిద్ధమై పసిడిపురి అనీ, రెండో ముంబై అనీ పేరుగాంచిన ఊరిది. దసరా నవరాత్రులలో అమ్మవారిశాలలో వాసవీ కన్యకాపరమేశ్వరికి జరిగే అలంకారాలను చూడడానికి జిల్లా నలుమూలల నుండి జనం వస్తారు. అంత బంగారం చేతులు మారే ఊరిలో ఆ బంగారానికి రూపమిచ్చే చేతులు ఎక్కడున్నాయని అడిగేవారు తక్కువ. అడుగనివారిలో నేనూ ఒకణ్ణి.

నా కుమారునికి ఎనిమిదవ ఏట ఉపనయనం చేసి, నేనే సంత చెప్పడం ఆరంభించాను. గురువు ఒక పర్యాయం పలికితే శిష్యుడు రెండు పర్యాయాలు పలకాలి. పిమ్మట ఆ పన్నం కంఠస్థమయ్యే వరకు వల్లె వేయాలి. నాలుగేళ్ళు సాగింది. పన్నెండవ ఏట ఒక సాయంకాలం వాడు పుస్తకం వైపు కూడా చూడకుండా, "నాన్నా, చెప్పిందే ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నాడు. నా వద్ద సమాధానం లేక కాదు, కోపం వచ్చి చెప్పలేదు. మరునాటి నుండి వాడు రాలేదు, నేను పిలువలేదు. లౌకిక విద్యలో రాణించి పులివెందులలోని జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాలలో చేరాడు. సెలవులకు వచ్చినప్పుడు భోజనం వేళ నాలుగు మాటలు, బస్సు ఎక్కించేటప్పుడు రెండు మాటలు. తండ్రీ కొడుకుల మధ్య మాటలు అంతటితో సరి.

2020 మార్చిలో దేశమంతటా లాక్‌డౌన్ విధించారు. కళాశాల వసతిగృహం ఖాళీ చేయించగా వాడు ఇంటికి వచ్చాడు. ఆలయానికి భక్తుల రాక నిలిచిపోయింది. నిత్యార్చన మాత్రం తలుపులు మూసి నేనొక్కణ్ణే ముగించి వచ్చేవాణ్ణి. ఒక రాత్రి రెండు గంటల వేళ మెలకువ వచ్చి చూస్తే ముందుగదిలో ఫోను వెలుగు. వాని బొటనవ్రేలు ఒకే స్థానంలో మళ్ళీ మళ్ళీ తాకుతున్నది. ముఖంలో ఉద్వేగం లేదు, నవ్వు లేదు. జపంలో కూర్చున్నవాని ముఖం వలె ఉంది. ఆ పోలిక స్ఫురించినందుకు నా మీద నాకే అసహ్యం కలిగింది.

"ఏమిట్రా ఈ వేళలో?"

"ఉంగరాలు చేస్తున్నాను నాన్నా."

ప్రొద్దుటూరువానికి ఇంతకంటే సహజమైన సమాధానం ఏముంటుంది! కానీ ఇంట్లో కుంపటి లేదు, బంగారం లేదు. వాడు నన్ను ప్రక్కన కూర్చోబెట్టి చూపించాడు. ఆ ఆట పేరు రూన్‌స్కేప్. ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి చెందిన జాగెక్స్ అనే సంస్థ 2001లో ప్రారంభించినది. వీడు ఆడుతున్నది దాని ప్రాచీన రూపం. 2007 నాటి ప్రతిని ఆధారంగా చేసుకొని 2013లో మళ్ళీ తెచ్చారట, 2018 నుండి ఫోనులోనూ ఆడవచ్చునట. ఏకకాలంలో వేలాదిమంది సంచరించే ఒక కల్పిత లోకమది. అందులో రాక్షస సంహారం చేసేవారు చేస్తారు. మా వాడు మాత్రం శిల్పకర్మను ఎంచుకున్నాడు.

ఆ లోకంలో శిల్పానికి ఒక అంచెల క్రమం ఉన్నది. ప్రారంభకుడు సూదీదారంతో తోలు తొడుగులు కుట్టాలి. తోలు కావాలంటే ఆవులను చంపాలి. మా వాడు నా ముఖం చూచి వెంటనే, "నేనది చేయలేదు నాన్నా. గొర్రెల ఉన్ని కత్తిరించి రాట్నం మీద వడికాను. ఆలస్యమవుతుంది, కానీ కుదురుతుంది" అన్నాడు. మట్టి తడిపి సారె మీద కుండలు చేయవచ్చు. ఇసుకను, బూడిదను కరిగించి ఊదుగొట్టంతో గాజు పాత్రలు ఊదవచ్చు. ఐదవ స్థాయి నుండి బంగారు ఉంగరం చేయవచ్చు. ఇరవైకి చేరితే నీలం, ఇరవై ఏడుకు మరకతం, ముప్ఫై నాలుగుకు మాణిక్యం, నలభై మూడుకు వజ్రం సానబట్టే అధికారం లభిస్తుంది. నలభైకి చేరినవాడు గోధుమవన్నె ముందుతొడుగు ధరించి వస్తేనే శిల్పుల శ్రేణీభవనంలోకి ప్రవేశం. అధికార భేదం, దానికి తగిన వేషం, క్రమారోహణం. మన ఆగమాలలో దీక్షల క్రమం ఎరిగినవారికి ఇది వింతగా తోచదు.

నన్ను ఆకర్షించినది దాని గణితం. చిట్టచివరి స్థాయి 99. అక్కడికి చేరాలంటే 1,30,34,431 అనుభవాంకాలు సంపాదించాలి. మొదటి మెట్టెక్కడానికి 83 అంకాలు చాలు. ఆపై ఒక్కొక్క మెట్టుకు సుమారు పదవ వంతు చొప్పున భారం పెరుగుతూ పోతుంది. ప్రతి ఏడు మెట్లకూ మొత్తం రెట్టింపవుతుంది. కనుక 92వ స్థాయికి చేరేసరికి కూడినవి 65,17,253. అంటే తొంభై రెండు మెట్లు ఎక్కినవాడు సరిగ్గా సగం దారిలో ఉన్నాడన్నమాట. "తొంభై తొమ్మిదిలో సగం తొంభై రెండు" అని ఆ ఆటగాళ్ళలో ఒక లోకోక్తి ఉన్నదట. ఒక వజ్రం సానబడితే నూట ఏడున్నర అంకాలు వస్తాయి. ఆ రెండవ సగం వజ్రాలతోనే పూర్తిచేయదలచినవాడు 60 వేలకు పైగా వజ్రాలు కోయాలి. సంచిలో ఇరవై ఎనిమిది అరలు. ఒకదానిలో ఉలి, మిగిలిన ఇరవై ఏడింటిలో రాళ్ళు. కోయడం, కొట్టులో దాచడం, మళ్ళీ ఇరవై ఏడు తీసుకోవడం. అంతే.

ఇదంతా విన్న తరువాత పన్నెండేళ్ళ పిల్లవాడు ఆనాడు అన్న మాట నా గుండెలో ముల్లులా కదిలింది. "చెప్పిందే చెప్పలేక వేదం వదిలినవాడివి, చేసిందే లక్షసార్లు చేస్తున్నావు. అక్కడ రాని విసుగు ఇక్కడ ఏ విధంగా రాలేదు?" అన్నాను. గట్టిగానే అన్నాను. వాడు తల వంచుకున్నాడు. కొంతసేపటికి మెల్లగా ఒక విషయం చెప్పాడు. ఈ తాకడం తనంతట తానే చేసే ప్రోగ్రాములు దొరుకుతాయట. ఫోను అక్కడ పెట్టి నిద్రపోతే తెల్లవారేసరికి వేల రాళ్ళు కోసి ఉంటుంది. అది ఆట నియమాలకు విరుద్ధం. స్నేహితుడొకడు ఇస్తానన్నా వీడు తీసుకోలేదు.

"పట్టుబడతానని భయమా?"

"కాదు నాన్నా. అలా వస్తే ఆ తొంభై తొమ్మిది నాది కాదు."

బాగున్నదన్నాను. అంతటితో ముగిసి ఉంటే ఈ వ్యాసం వ్రాసేవాణ్ణి కాదు. వాడు ఒక్క క్షణం ఆగి, ఏ దురుద్దేశమూ లేకుండా అడిగాడు: "మన గుడిలో హారతి వేళ గంట, నగారా ఎవరు మోగిస్తున్నారు నాన్నా?"

మా ఆలయంలో గంటా నగారా మోగించే విద్యుద్యంత్రం ఉన్నది. భక్తుడొకరు సమర్పించినది. మీట నొక్కితే నాలుగు చిన్న కర్రలు లేచి పడుతూ నగారాను, గంటలను మోగిస్తాయి. దానికి పూర్వం డోలు వాయించే వృద్ధుడొకడు ఉండేవాడు. యంత్రం వచ్చిన తరువాత ఆయన రావడం తగ్గించాడు, ఆపైన మానివేశాడు. నేను రమ్మని కబురు పంపలేదు. ప్రాతఃకాలంలో స్తోత్రాలు కూడా మైకులో రికార్డు ద్వారానే వినిపిస్తున్నవి. నా చేతులు ఖాళీగా ఉంటున్నవి గనుక సౌకర్యమే అనుకున్నాను. కల్పితమైన ఉంగరాల విషయంలో ఇరవై ఏళ్ళ పిల్లవాడు పాటించిన నియమాన్ని ప్రతిష్ఠితుడైన ఈశ్వరుని ఎదుట నేను పాటించలేదు. ఆ రాత్రి వానికి సమాధానం చెప్పకుండా లేచి వెళ్ళి పడుకున్నాను. నిద్ర పట్టలేదు.

ఇక ఆ స్వర్ణకారుని సంగతి. మేమంతా ఆయనను ఆచారి అనే పిలుస్తాము. ఆ వేసవిలో ఆయనకు బొత్తిగా పని లేదు. పెళ్ళిళ్ళు ఆగిపోయాయి, దుకాణాలు మూతపడ్డాయి. అంతకు ముందు నుండే అచ్చు పోసిన, యంత్రాలపై చేసిన నగలు పెద్ద నగరాల నుండి వస్తుండగా చేతిపని కొరవడుతూ వస్తున్నది. ఆయన కుమారుడు కుంపటి ముందు కూర్చోనని ఒక నగల దుకాణంలో అమ్మకపు ఉద్యోగానికి వెళ్ళాడు. సాయంకాలాలు ఆచారి మా అరుగుకు దూరంగా నిలబడి మాట్లాడి పోయేవాడు. ఒకనాడు మా వాని ఆట సంగతి చెప్పాను. హేళనగానే చెప్పాను.

"ఏంది సామీ, పిల్లోడు ఉంగరాలు చేస్తాండాడా? యాడ, సూపించమను!" అని ఆయన ఉత్సాహపడ్డాడు. వాడు ఫోను చూపించాడు. బంగారు కడ్డీ, ఉంగరపు అచ్చు, కొలిమి. తాకగానే ఉంగరం సిద్ధం. ఆచారి చాలాసేపు తదేకంగా చూచి, "తరుగెంత పోతాది అబ్బీ?" అని అడిగాడు.

"తరుగు ఉండదు మామా. ఒక కడ్డీకి ఒక ఉంగరం."

"టంకం?"

"లేదు."

"ఆకురాయి బట్టేది?"

"అదీ లేదు."

ఆచారి నవ్వాడు. "తరుగు లేని పని యాడన్నా ఉంటాదా అబ్బీ? తరుగు లేకుంటే అది పనే గాదు. నువ్వు ఒకతూరి మా ఇంటికి రా."

జూన్‌లో ఆలయాలు తెరచుకున్న తరువాత వాడు నిజంగానే వెళ్ళాడు. మొదటి వారం ఆచారి వానిచేత బంగారం కాదు గదా, వెండిని కూడా తాకించలేదు. రాగి తీగ ఇచ్చి కమ్మచ్చులో దూయమన్నాడు. కమ్మచ్చు అంటే క్రమంగా సన్నబడుతూ పోయే రంధ్రాలు గల ఉక్కు పలక. తీగను నిప్పులో ఎర్రగా కాల్చి, చల్లార్చి మెత్తబరచి, పెద్ద రంధ్రం నుండి చిన్న రంధ్రానికి ఒక్కొక్కటిగా దూసుకుంటూ రావాలి. త్వరపడి ఒక రంధ్రం దాటవేస్తే తీగ తెగుతుంది. వాడు దాటవేశాడు. తెగింది. మళ్ళీ మొదటి నుండి. తరువాత ఊదుగొట్టంతో మంటను ఒక బిందువు మీద నిలపడం. వెలిగారం పూసి టంకం కరిగించే వేళ ఊపిరి ఒక్క మాత్ర అధికమైతే టంకంతో బాటు వస్తువు కూడా కరిగి ముద్దవుతుంది. వాడు రెండు వ్రేళ్ళు కాల్చుకుని వచ్చాడు. వాని తల్లి నన్ను కోపంగా చూచింది. సాయంత్రం గది ఊడ్చిన ధూళిని ఆచారి పారవేయనీయడట. ప్రత్యేకంగా దాచి, కడిగి అందులోని రజనును వేరుచేయాలి. "ఆ దుమ్ములో ఆయన చేసిన ప్రతి ఉంగరంలో కొంచెం ఉంది నాన్నా" అన్నాడు వాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తున్నది.

ఇక్కడ కొంత విచారణ అవసరం.

పూర్వపక్షి ఈ విధంగా అంటాడు: అభ్యాసం దృఢపడడానికి పతంజలి మహర్షి మూడు లక్షణాలు నిర్దేశించాడు. దీర్ఘకాలం చేయాలి, ఎడతెగకుండా చేయాలి, ఆదరంతో చేయాలి. ఆటలోని శిల్పాభ్యాసంలో దీర్ఘకాలం ఉన్నది, నైరంతర్యం ఉన్నది, నియమభంగం చేయననే ఆదరం కూడా కనిపిస్తున్నది. మరి దానికీ వేదాభ్యాసానికీ, స్వర్ణకారుని పనికీ భేదమేమిటి? వస్తువు కల్పితమంటారా, అద్వైతికి ఈ ఉంగరమూ నామరూపమే గదా, బంగారమొక్కటే సత్యం గదా?

ఈ ఆక్షేపణను తేలికగా త్రోసిపుచ్చలేము. నేను కూడా చాలా దినాలు ఆలోచించాను. నాకు తోచిన సమాధానం ఇది. ఐతరేయ బ్రాహ్మణం శిల్పాలను గురించి ఒక గంభీరమైన అభిప్రాయం చెబుతుంది. శిల్పం ద్వారా యజమానుడు తనను తానే సంస్కరించుకుంటాడని దాని భావం. రాయి మారుతున్నట్లు కనిపిస్తుంది, నిజంగా మారవలసినది రాయిని చెక్కేవాడు. ఈ ఒక్క గీటురాయి మీద గీసి చూస్తే భేదం తెలుస్తుంది. ఆటలో వజ్రం కోసినప్పుడు కోసేవాని చేయి మారదు. మొదటి రాయిని తాకిన వ్రేలే అరవైవేలవ రాయినీ అదే విధంగా తాకుతుంది. పెరిగేది ఒక అంకె. ఆ అంకె పెరగడం కోసమే ఉంగరం పుడుతుంది, ధరించేవాడు లేడు. ఆచారి గదిలో రాగితీగ తెగినప్పుడు తెగినది వాని తొందరపాటు. వ్రేలు కాలినప్పుడు కాలినది వాని అజాగ్రత్త. తరుగు అంటే బంగారంలో పోయేది మాత్రమే కాదు, చేసేవానిలో అరిగిపోవలసినది కూడా. తరుగు లేకుంటే అది పని కాదన్న ఆచారి మాటకు నేను గ్రహించిన తాత్పర్యం ఇదే.

స్ఖలనం విషయంలోనూ ఇటువంటి భేదమే ఉన్నది. ఆ ఆటలో చవుక రాళ్ళు మూడు ఉన్నాయట. వాటిని కోసేటప్పుడు ఒక్కొక్కసారి చితికిపోతాయి. కోసేవాని తప్పు వలన కాదు, లోపల పడే పాచిక వలన. మన శ్రుతిలో త్వష్ట కథ ప్రసిద్ధం. దేవశిల్పి అయిన త్వష్ట ఇంద్రుని సంహరించే పుత్రుని కోరి హోమం చేస్తూ ఒక్క పదంలో స్వరం తప్పాడు. ఇంద్రుని చంపేవాడు కావలసిన వృత్రుడు ఇంద్రునిచే చంపబడేవాడయ్యాడు. అక్కడ పాచిక లేదు. తప్పు కంఠానిది, ఫలం కంఠానిది. తన తప్పు తనదేనని తెలిసిన చోటనే విద్య నిలుస్తుంది.

అయితే సిద్ధాంతం చెప్పి ఆటను ఖండించి లేచిపోవడానికి నాకు అర్హత లేదని తెలిసిన ఘట్టం కూడా చెప్పాలి. ఒక రాత్రి వాడు నవ్వుతూ, "మీరు ఏ లెవెల్లో ఉన్నారు నాన్నా?" అని అడిగాడు. నేను చెప్పాను. తైత్తిరీయ సంహితలో 7 కాండలు, 44 ప్రశ్నలు. సంహిత, పదం ముగించి, క్రమాంతం చదివి, జట, ఘన కొంత వరకు అభ్యసించి, తండ్రిగారు కాలం చేయడంతో పంతొమ్మిదవ ఏట పాఠశాల విడిచి ఆలయానికి వచ్చాను. క్రమంలో రెండేసి పదాలు జతపరచుకుంటూ పోవాలి. జటలో ఆ రెంటినే ముందుకు, వెనుకకు, ముందుకు పలకగా ఆరవుతాయి. ఘనలో మూడవ పదం కూడా చేరి పదమూడు అవుతాయి. వాడు గణితం తెలిసినవాడు గనుక కళ్ళు మెరిసాయి. "ఒకటి చెప్పండి" అన్నాడు.

ఆరంభించాను. పదిహేడవ ఏట నిద్రలో లేపినా పలికిన పన్నం. మూడవ పదసముదాయం దాకా వచ్చింది. అక్కడ వెనుకకు తిరుగవలసిన చోట తిరుగలేకపోయాను. మళ్ళీ మొదటి నుండి ప్రయత్నించాను. అక్కడే ఆగింది. మూడవసారి స్వరం కూడా తప్పింది. మంచినీళ్ళ చెంబు తేవడానికి వాడు లేచి వెళ్ళాడు. నాకు దాహం వేస్తున్నదని కాదు, నా ముఖం చూడకుండా ఉండడానికి వెళ్ళాడని నాకు తెలుసు.

ఆ ఆటలో ఒకసారి చేరిన స్థాయి ఎన్నటికీ దిగిపోదు. పదేళ్ళు ఆడకపోయినా 92 అలాగే ఉంటుంది. విద్య అటువంటిది కాదు. అభ్యాసం లేకపోతే తరిగిపోతుంది. నలభై ఏళ్ళుగా నేను ఆలయ కైంకర్యానికి చాలినంత మంత్రభాగం మాత్రం పలుకుతూ, మిగిలినది నాలోనే ఉన్నదని భ్రమిస్తూ వచ్చాను. అందరూ నన్ను వేదపండితుడని సంబోధిస్తున్నారు. ఆ అంకె దిగలేదు. వస్తువు దిగిపోయింది. ఇప్పుడు అడగండి, అంకె కోసం ఉంగరాలు చేసినవాడు ఎవరు?

వాడు నీళ్ళతో తిరిగి వచ్చి నాకెదురుగా కూర్చున్నాడు. "నాన్నా, దీనికి ఒక పద్ధతి ఉంది. ఎంత మిగిలిందో చూడకూడదు. ఒక సంచి నిండా కోస్తే ఆ పూటకు చాలు" అన్నాడు. ఆ రాత్రి నుండి ఒక ఒప్పందం కుదిరింది. వాడు ఇరవై ఏడు రాళ్ళు కోసేలోపు నేను ఒక పన్నం వల్లె వేయాలి. ఒక నోటు పుస్తకంలో గళ్ళు గీచి నా ఆవృత్తులు వాడు లెక్క వ్రాసేవాడు. స్వరం తప్పితే గుర్తించేవాడు కూడా. నాలుగేళ్ళు విన్న చెవి మరచిపోలేదు. నేను సంత చెప్పిన శిష్యుడు నాకు తప్పు చూపుతుంటే మొదట అహంకారం అడ్డు వచ్చింది. కొన్నాళ్ళకు అది కూడా తరుగులో పోయింది.

ఋగ్వేదంలో ఋభువుల వృత్తాంతం ఉన్నది. ఋభువు, విభ్వుడు, వాజుడు అనే ముగ్గురు సోదరులు, సుధన్వుని పుత్రులు. వారు పుట్టుకతో దేవతలు కారు, మనుష్యులు. చేతిపని నైపుణ్యం చేతనే అమృతత్వాన్ని పొందారు. త్వష్ట చేసిన ఒక్క చమసాన్ని నాలుగు చేశారు. అశ్వినులకు రథం నిర్మించారు, ఇంద్రునికి అశ్వాలను సృజించారు. అందుకు ఫలితంగా సాయంసవనంలో వారికి సోమభాగం లభించింది. ఇవన్నీ చదివినప్పుడు ఆశ్చర్యపడ్డాను గానీ, వారు చేసిన మరొక పని ముందు ఎన్నడూ ఆగి ఆలోచించలేదు. జీర్ణులైన తమ తల్లిదండ్రులను వారు తిరిగి యువకులను చేశారు. శిల్పాలలో దానిని కూడా ఒక శిల్పంగా లెక్కించింది శ్రుతి.

కళాశాల తెరచిన తరువాత వాడు పులివెందుల వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు ఆచారి వద్ద తానే చేసిన వెండి ఉంగరం ఒకటి తల్లికి ఇచ్చాడు. అది సంపూర్ణ వృత్తం కాదు, ఒక ప్రక్క కొంచెం నొక్కుకుని ఉంటుంది. అతికిన చోట టంకం కొద్దిగా పైకి తేలి కనిపిస్తుంది. ఆమె దానిని తీయదు. ఆచారి ఆ ఉంగరాన్ని త్రిప్పి త్రిప్పి చూచి, "అబ్బీకి చెయ్యి కుదురుతాంది. నా కొడుకుకి ఈ మాత్రం గూడ సూపించలేకపోతి" అన్నాడు. నేనేమీ అనలేకపోయాను. మరునాడు ఉదయం అభిషేకంలో నాల్గవ అనువాకం పలుకుతున్నప్పుడు ఆ కుంపటి నా కళ్ళ ముందు ఉన్నది.

ఇప్పుడు వాడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. ఆట మానలేదు, మానమని నేనూ చెప్పలేదు. పని ఒత్తిడి వల్ల నెమ్మదించింది. 94 దగ్గర ఉన్నానని చెప్పాడు. వేదం అంతా చదువుతానని వాడు అనలేదు, నేను ఆశపడడం లేదు. ఆదివారం సాయంకాలం ఫోను చేసి, "నాన్నా, ఒక్క పన్నం" అంటాడు. నేను ఒకసారి చెబుతాను, వాడు రెండుసార్లు అంటాడు. అనుదాత్తం దగ్గర వానికి ఇంకా తడబాటే. పన్నెండేళ్ళ నాడు వాడడిగిన ప్రశ్నకు ఇప్పటికైనా సమాధానం చెప్పగలను: చెప్పిందే ఎన్నిసార్లు చెప్పాలంటే, చెప్పేవాడు మారేవరకు. కానీ వాడు ఇప్పుడు ఆ ప్రశ్న అడగడం లేదు.

ఆలయంలోని యంత్రాన్ని తీసివేయలేదు. దాత మనసు నొప్పించడం ధర్మం కాదు, పర్వదినాలలో దాని అవసరమూ ఉన్నది. మిగిలిన దినాలలో ఎడమచేత గంట, కుడిచేత హారతి. భుజం నొప్పి పెడుతున్నది. డోలు వాయించిన వృద్ధుని ఇంటికి వెళ్ళాను. ఆయన ఏడాది క్రితమే కాలం చేశారని అక్కడ తెలిసింది. ఆ తరుగును మాత్రం ఏ దుమ్ము కడిగినా తిరిగి పొందలేను.

ఘనలో ఆగిపోయిన ఆ పన్నం ఇప్పుడు వస్తున్నది. దాని తరువాతవి ఎన్నో మిగిలి ఉన్నవి. యాభై దాటిన వయసులో సగం దారిలో ఉన్నానని అనుకోవడానికి ధైర్యం చాలదు. అయినా రాత్రి భోజనానంతరం గళ్ళ పుస్తకం తీసి ఆ పూటకు ఒక్క సంచి నింపుకుంటున్నాను.

స్వస్తి.